పోపు డబ్బా పక్కన పద్యాల పుస్తకం

పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటే మీరేం చేస్తారు? కూరగాయలు తరుక్కుంటారు, లేకపోతే టీవీలో సీరియల్ ఓ కంట చూస్తారు. నేను వేళ్ల మీద గురువులూ లఘువులూ లెక్కపెట్టుకుంటాను. మొదట్లో మా అత్త చూసి, "ఏమే, చీటీ పాట లెక్కలా?" అని అడిగేది. పద్యం కడుతున్నానని చెప్పడానికి సిగ్గేసి "ఆ, అదే అత్తా" అనేదాన్ని. ఇప్పుడా సిగ్గు లేదు. ఎలా పోయిందో మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. పేరు చెప్పగానే అందరికీ బంగారం అంగళ్లే గుర్తొస్తాయి. కానీ మా ఊరికి ఇంకో బంగారం కూడా ఉంది, అది పద్యం. దుర్భాక రాజశేఖర శతావధాని గారు, గడియారం వేంకట శేషశాస్త్రి గారు ఇక్కడివాళ్లే. ఇద్దరూ జంటగా అవధానాలు చేశారు. ఒకరు రాణాప్రతాపుడి కథ రాస్తే, ఇంకొకరు శివాజీ కథను 'శివభారతం'గా రాశారు. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు ఇక్కడ పంతులుగా పని చేశారు. అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ 'శివతాండవం' కట్టారని పెద్దలు చెప్తారు. ఆయన భార్య కనకమ్మ గారు కూడా కవయిత్రే. ఆ గుడికి నేను ప్రతి సోమవారం వెళ్తాను. అన్నేళ్లూ టెంకాయ కొట్టి వచ్చానే గానీ, అక్కడ అంత పద్యం పుట్టిందని ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు తెలీదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నిజం.

రేడియోతో మొదలు

నేను చదివింది ఇంటర్మీడియట్. అది పాసవగానే పెళ్లయింది. చిన్నప్పుడు మా అవ్వ దగ్గర వేమన పద్యాలూ, పోతన పద్యాలూ విని విని నోటికొచ్చేశాయి. అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా రోకటి పోటు పోటుకీ పద్యం తూగేది. రేడియోలో సమస్యాపూరణం వస్తుంటే మా నాయన "గమ్మునుండండి" అని అందరినీ కసిరి వినేవాడు. ఒక వంకర వాక్యం ఇస్తారు, దానికి మూడు పాదాలు కలిపి అర్థం కుదర్చాలి. శ్రోతలు పంపిన పూరణలు చదువుతుంటే నాకు మంత్రం వేసినట్టుండేది. మనకెక్కడొస్తుందిలే అనుకుని ఊరుకున్నాను.

2016లో మా పాపను శతక పద్యాల పోటీకి తీసుకుపోయాను. మా ఊళ్లో ఒక పద్యసంస్థ ఉంది. నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో కూర్చుంటారు. పిల్లలకు ఏటా పోటీ పెడతారు. సుమతీ, వేమన, భాస్కర, దాశరథీ శతకాల్లోంచి పద్యాలు తప్పు లేకుండా చెప్పి, అర్థం కూడా చెప్పాలి. మా పాపకు బహుమతి రాలేదు. కానీ అక్కడ వెనక కుర్చీలో కూర్చున్న నాకు ఓ దారి దొరికింది. పోటీ అయ్యాక ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు, మేమంతా 'సారు' అంటాం, పిల్లలకు ఛందస్సు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లకంటే నేనే ఎక్కువ విన్నాను. ఇంటికొచ్చి కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.

కొలత గ్లాసు తెలిస్తే చాలు

ఛందస్సనగానే భయపడకండి అక్కయ్యలూ! వంట కొలతలు వచ్చినవాళ్లకు అదేం బ్రహ్మవిద్య కాదు. కనురెప్ప వేసేంత సేపు పలికే అక్షరం లఘువు. దానికి రెట్టింపు సేపు పట్టేది గురువు. దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, పక్కన జంటక్షరం ఉన్నా అది గురువే. 'ఉప్పు'లో ఉ గురువు, ప్పు లఘువు. 'కారం'లో రెండూ గురువులే. 'పులుసు'లో మూడూ లఘువులే. చూశారా, మన పోపు డబ్బాలోనే ఉంది అంతా!

ఇలాంటి మూడక్షరాలకు ఒక గణం అని పేరు పెట్టి, 'యమాతారాజభానసలగం' అని ఒక గుర్తు చెప్పారు పెద్దలు. ఏ గణం కావాలంటే ఆ అక్షరం నుంచి మూడు లెక్కపెట్టుకోవడమే. 'భానస' అంటే గురువు, లఘువు, లఘువు. అదే భగణం. 'రాజభా' అంటే గురువు, లఘువు, గురువు. అదే రగణం. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవై ఒకటి, శార్దూలానికి పందొమ్మిది, మత్తేభానికి ఇరవై. ఇవి పెళ్లి వంట లాంటివి, చెయ్యి తిరిగినవాళ్లకే. మనలాంటివాళ్లకు రోజువారీ వంట ఆటవెలది. వేమన పద్యాలన్నీ మన నాలుక మీద ఆడేది దాని వల్లే.

ఆటవెలదికి నాలుగు పాదాలు. ఒకటో పాదం, మూడో పాదం ఒక తీరు. అక్కడ మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండూ నాలుగూ ఇంకో తీరు, ఐదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే 'ఉప్పు' లాగా గురువు పక్కన లఘువు, లేదా 'పులుసు' లాగా మూడు లఘువులు. అంతే! ఇంద్రగణాలు ఆరు రకాలు, అవి పుస్తకంలో చూసుకోవచ్చు. ఇక యతి. పాదంలో మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ చుట్టరికం కుదరాలి. మన వియ్యంకుల లాగా అనుకోండి. అచ్చుకు అచ్చు, హల్లుకు హల్లు సంబంధం చూస్తారు. ఇ, ఈ, ఎ, ఏ ఒకింటివాళ్లు. ఉ, ఊ, ఒ, ఓ ఒకింటివాళ్లు. అ, ఆ, ఐ, ఔ ఒకింటివాళ్లు. ఆటవెలదిలో ప్రాస నియమం కూడా లేదు. ఇంకేం కావాలి?

అక్కడ ఏమేం జరుగుతాయి

నెల నెలా జరిగే సభ పెద్ద ఆర్భాటంగా ఉండదు. ముప్పావు గంట ఒకరు ఏదో ఒక కావ్యం మీద మాట్లాడతారు. తర్వాత పోయిన నెల ఇచ్చిన సమస్యకు ఎవరి పూరణ వాళ్లు చదువుతారు. పండితుడూ ఉంటాడు, బ్యాంకు గుమాస్తా ఉంటాడు, బట్టలంగడి ఆయన ఉంటాడు. చదివాక సారు తప్పులు చెప్తారు. ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకున్నా బయట పడరు. చివర్లో మరుసటి నెలకు కొత్త సమస్య ఇస్తారు. కొన్నిసార్లు దత్తపది. అంటే నాలుగు మాటలు ఇచ్చి, వాటిని నాలుగు పాదాల్లో పెట్టమంటారు. ఇడ్లీ, దోశ, పూరీ, వడ అని ఇచ్చి భారతం మీద పద్యం చెప్పమన్నారోసారి. తినే అర్థం మాత్రం రాకూడదు. నేను ఆ రోజంతా ఇడ్లీ పిండి రుబ్బుతూ ఆలోచించినా పూరణ తట్టలేదు. ఇడ్లీలు మాత్రం బాగా వచ్చాయి!

ఉగాదికి కవిసమ్మేళనం, పంచాంగ శ్రవణం. ఆ ముందు వారం పోటీలు: పద్యరచన, సమస్యాపూరణం, వచన కవిత. పద్యమే గొప్పదని కొందరు, వచన కవితే నేటి మాట అని కొందరు ఎప్పుడూ వాదించుకుంటూ ఉంటారు. వచన కవిత కోసం కుందుర్తి ఆంజనేయులు గారు ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి బహుమతులిచ్చే ఏర్పాటు చేశారు గదా, అందుకని మా సంస్థ కూడా ఆ విభాగం పెట్టింది.

ఏడాదికోసారి అష్టావధానం. అది చూసి తీరాలి. ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన. ఇంకొకరు నిషిద్ధాక్షరి, అంటే అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే తర్వాత ఫలానా అక్షరం రాకూడదని అడ్డు తగులుతారు. న్యస్తాక్షరిలో ఫలానా చోట ఫలానా అక్షరమే రావాలంటారు. ఆశువు, పురాణపఠనం, మధ్యలో గంట కొడుతుంటే ఎన్ని కొట్టారో లెక్క చెప్పే ఘంటాగణనం ఉంటాయి. కొన్ని అంశాలు సభ సభకూ మారుతుంటాయి. అప్రస్తుత ప్రసంగం ఆయన మాత్రం తప్పకుండా ఉంటాడు. పద్యం నడుమ "స్వామీ, మీ ఇంట్లో ఈరోజు ఏం కూర?" అంటూ అవధాని ధ్యానం చెడగొట్టడమే ఆయన పని. అంతా అయ్యాక అన్ని పద్యాలూ కాగితం లేకుండా మళ్లీ అప్పజెప్పడాన్ని ధారణ అంటారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యకు పేరు తెచ్చారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1920లో పోయారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1950 దాకా ఉన్నారు. వాళ్ల కథలు చెప్పుకోకుండా మా సారుకు ఒక్క సభా గడవదు.

ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద సాంబారు, చేతిలో చపాతీ పిండి, తలుపు దగ్గర గ్యాసు బండ అబ్బాయి, లోపల్నుంచి "అమ్మా, నా సాక్సెక్కడ?" అనే కేక. మనం రోజూ చేసేదీ అవధానమే గదా అని నాకు నవ్వొచ్చింది. కాకపోతే మనకు శాలువా కప్పరు.

స్టీలు డబ్బా బహుమతి

2017 ఉగాదికి మొదటిసారి పోటీకి రాశాను. 'మహిళా విభాగం' అని వేరే పెట్టారు. అంశం 'వంటిల్లు'. మగవాళ్లకు 'పెన్నానది'. వచ్చినవాళ్లం ఐదుగురం. నాకు మొదటి బహుమతి ఇచ్చారు, ఒక స్టీలు డబ్బా. ఇంటికి తెచ్చి అందులో కందిపప్పు పోశాను. సంతోషించాను కూడా. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పద్యంలో రెండు చోట్ల యతి తప్పింది. ఒక పాదంలో గణమే చెడింది. ఇంటికొచ్చి చూసుకుంటే నాకే తెలిసిపోయింది. అయినా ఎవరూ ఒక్క తప్పు చెప్పలేదు. మగవాళ్ల పద్యాలకు అరగంట సేపు తప్పులు పట్టినవాళ్లు, మా దగ్గరికొచ్చేసరికి "బాగుందమ్మా, బాగుంది" అనేసి డబ్బా చేతిలో పెట్టారు.

తప్పు చెప్పకపోవడం కూడా ఒక చిన్నచూపే. వంటలో ఉప్పెక్కువైతే చెప్పేవాళ్లే మనవాళ్లు. చెప్పకుండా పక్కన పెట్టేసి పోయేవాళ్లు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు.

తర్వాతి నెల సభలో గుండె దిటవు చేసుకుని లేచాను. "అయ్యా, మమ్మల్నీ అందరితో కలిపే చూడండి. ఓడిపోతే ఓడిపోతాం. మా తప్పులు మాకు చెప్పండి" అన్నాను. హాల్లో కాసేపు మాట లేదు. ఒక పెద్దమనిషి, "ఆడవాళ్లను ప్రోత్సహిద్దామనే గదమ్మా వేరే పెట్టింది" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు, అందులో అనుమానం లేదు. సారు మాత్రం, "మొల్ల రామాయణం రాసినప్పుడు మహిళా విభాగం లేదు గదా" అన్నారు. అందరూ నవ్వారు. 2018లో ఇంకా తేల్చలేదు, వేరుగానే పెట్టారు. ఆ ఏడు నేను రాయలేదు. నెల నెలా సమస్యలు మాత్రం ఒక్కటి కూడా వదలకుండా రాసి సారుకు చూపించాను. ఎర్ర ఇంకుతో నా కాగితం నిండిపోయేది. ఒక ఏడాదికి ఎరుపు తగ్గింది.

మొల్ల మాట వచ్చింది గాబట్టి ఒకటి చెప్పాలి. ఆమె తన రామాయణం మొదట్లో తనకు వ్యాకరణమూ ఛందస్సూ ఏవీ రావని చెప్పుకుంటుంది. రాకుండానే అంత కావ్యం రాసిందా? అది ఆమె వినయం. మన వెంగమాంబ తరిగొండలో పుట్టి, పద్దెనిమిదో శతాబ్దంలో ఎన్ని కష్టాలు పడుతూ ఎన్ని రాసింది! దగ్గర కాలానికొస్తే, మద్రాసు నుంచి వచ్చే 'గృహలక్ష్మి' పత్రిక వాళ్లు రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చేవాళ్లు. 1934లో మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మ గారికి దక్కింది. బంగారు కంకణం అక్కయ్యలూ! మరి బంగారం ఊళ్లో పుట్టిన నాకు స్టీలు డబ్బా! సరదాకన్నాను లెండి. 1993లో 'నీలి మేఘాలు' అని ఓల్గా గారు స్త్రీల కవితలన్నీ చేర్చి సంకలనం తెచ్చారు. అది చదివాక నాకు ఇంకో సంగతి అర్థమైంది. వంటింటి మీద రాయమన్నందుకు కాదు నాకు కోపం. వంటింటి గురించి మాత్రమే రాయగలరనుకున్నందుకు.

"ఇది మీరే రాశారా?"

2019 ఉగాదికి పోటీలు కలిపేశారు. పేర్లు తీసేసి, నంబర్లు వేసి కాగితాలు న్యాయనిర్ణేతలకు ఇచ్చారు. పద్యరచనలో నాది మొదటి మూడింట్లో నిలిచిందట. పేరు చూశాక బయటి ఊరి నుంచి వచ్చిన ఒక న్యాయనిర్ణేత నన్ను పిలిపించారు. సభ ముందే, మెల్లగానే అడిగారు: "అమ్మా, ఇది మీరే రాశారా? ఇంట్లో ఎవరైనా దిద్దారా?"

నాకు చెవులు వేడెక్కాయి. మా ఇంట్లో దిద్దేదెవరు? మా ఆయన బట్టలంగట్లో లెక్కలు రాస్తాడు. పద్యమంటే ఆమడ దూరం పారిపోతాడు. ఆ రోజు వెనక వరసలో కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఏదైనా గొడవ పడతాడేమోనని నాకు భయమేసింది. ఆయన అన్నది ఒక్కటే: "సార్, నాకు యతికీ ప్రాసకీ తేడా తెలీదు. ఆమెనే అడగండి." అంతే, కూర్చున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా గురించి నలుగురి ముందు ఆయన మాట్లాడింది అదే మొదలు.

సారు లేచి, "అడిగిన వారిది తప్పు కాదు, అడిగించుకున్నామెదీ తప్పు కాదు. ఇక్కడే ఒక సమస్య ఇస్తాను, పది నిమిషాలు. పోటీలో నిలిచిన ముగ్గురూ పూరించండి" అన్నారు. నన్నొక్కదాన్నే పరీక్ష పెట్టలేదు. ముగ్గురినీ అడిగారు. ఆ మర్యాద నేను మర్చిపోను. సమస్య ఇది:

నిప్పు లేని పొయ్యి నీళ్లు కాచె

లెక్క చూడండి. నిప్పు, లేని, పొయ్యి, నీళ్లు, కాచె. ఐదూ గురువు, లఘువు. ఐదు సూర్యగణాలు. నాలుగో గణం 'నీళ్లు', మొదటిది 'నిప్పు'. ని, నీ యతి కుదిరింది. ఆటవెలది నాలుగో పాదం.

మిగతా ఇద్దరిలో ఒకరు డాబా మీది సోలార్ హీటరు పెట్టారు, ఇంకొకరు కరెంటు పొయ్యి పెట్టారు. రెండూ బాగున్నాయి. నాకు మాత్రం పెన్ను కదల్లేదు. ఐదు నిమిషాలు అట్లాగే పోయాయి. అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. మా వైపు వేసవి మీకు తెలుసు గదా. కట్టెలు ఆదా చెయ్యాలని అవ్వ పొద్దున్నే ఇత్తడి బిందె నిండా నీళ్లు పోసి వాకిట్లో ఎండకు పెట్టేది. సాయంత్రానికి నీళ్లు గోరువెచ్చగా కాగి ఉండేవి. మా తమ్ముడికి ఆ నీళ్లే లాల పోసేది. ఇక రాశాను:

ఎండ మండుచుండె నిత్తడి బిందెను
ఆరుబైట నుంచె నవ్వ తెచ్చి
పొద్దు గూకు వేళ బుడుతకు లాలాయె
నిప్పు లేని పొయ్యి నీళ్లు కాచె

చదివేటప్పుడు గొంతు వణికింది. చదవడం అయ్యాక ఆ న్యాయనిర్ణేత లేచి, "అమ్మా, నేను అడగకుండా ఉండాల్సింది" అన్నారు. వెంటనే, "కానీ ఒక మాట. 'బిందెను' తర్వాత రెండో పాదం 'ఆరుబైట' అని అచ్చుతో మొదలుపెట్టారు. అక్కడ సంధి చెయ్యాలి. చేస్తే గణం చెడుతుంది. ఇది విసంధి" అన్నారు.

నమ్ముతారో లేదో, ఆ తప్పు విన్నాక నాకు కళ్లనీళ్లు తిరిగాయి. బాధతో కాదు. రెండేళ్ల క్రితం స్టీలు డబ్బా ఇచ్చినప్పుడు రాని సంతోషం అది. నా పద్యాన్ని పద్యంగా చూశారు!

మొదటి బహుమతి సోలార్ హీటరు ఆయనకే వచ్చింది. ఆయనది తప్పు లేని పద్యం. నాకు రెండోది, ఒక నిఘంటువు. ఆ నిఘంటువు ఇప్పుడు మా వంటింటి అలమరలో పోపు డబ్బా పక్కనే ఉంది. అట్ట మీద పసుపు మరకలు పడ్డాయి. పడితే పడ్డాయి.

ఇంటికొచ్చాక మా అత్తకు పద్యం చదివి వినిపించాను. ఆమెకు విసంధి గిసంధి ఏం తెలుసు? "మా అమ్మా అట్లే పెడుతుండె బిందె" అని చాలాసేపు ఆ ముచ్చట్లే చెప్పింది. ఆ రోజు నుంచి నేను వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటే, పప్పు పొంగకుండా ఆమే గరిటె తిప్పుతోంది.

లాక్‌డౌన్ ఉగాది

2020 ఉగాది మార్చి 25న వచ్చింది. సరిగ్గా ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలు. హాలు లేదు, సమ్మేళనం లేదు. సారు ఫోన్ చేసి, "పద్యానికి తాళం ఎవరు వేస్తారమ్మా" అన్నారు. ఆ సాయంత్రం అందరం ఫోన్లో ఒకరి తర్వాత ఒకరం చదువుకున్నాం. తర్వాత వాట్సాప్‌లో రోజుకో సమస్య వేసుకున్నాం. ఇల్లు కదలడానికి వీల్లేని ఆడవాళ్లు, సభకు ఎప్పుడూ రానివాళ్లు కూడా అప్పుడే చేరారు. సభ సాయంత్రం పూట, అది మన వంట వేళ. రావాలని ఉన్నా ఎంతమంది రాలేకపోయారో అప్పుడుగానీ మాకు తెలీలేదు. ఆ తర్వాత సభ మధ్యాహ్నం మూడు గంటలకు మార్చారు. నేను అడిగిన వాటిలో ఇదీ ఒకటి.

అవధానానికి పృచ్ఛకులుగా ఆడవాళ్లను పిలిస్తే, ముందంతా గంట కొట్టడానికే పిలిచేవాళ్లు. లేకపోతే ప్రార్థన పాట. ఇప్పుడు సమస్య ఇచ్చే కుర్చీలో నేనూ కూర్చుంటున్నాను. మొదటిసారి కూర్చున్నప్పుడు అవధాని గారు నా సమస్య విని ఒక్క క్షణం ఆగి, "ఇదేదో వంటింట్లో నూరిన మిరప్పొడిలా ఉందే" అన్నారు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మీరూ మొదలుపెట్టండి

మీ ఊళ్లో కూడా ఏదో ఒక సాహితీ సంస్థ ఉండే ఉంటుంది. లైబ్రరీలో అడిగితే చెప్తారు. స్కూల్లో తెలుగు పంతులమ్మను అడిగినా తెలుస్తుంది. నా అనుభవంలో తెలిసినవి కొన్ని:

* ముందు నోటికొచ్చిన పాత ఆటవెలది ఒకటి తీసుకుని గురులఘువులు గుర్తించండి. పది పద్యాలకు గుర్తిస్తే లయ చెవికి పట్టేస్తుంది.

* రోజుకు ఒక్క పాదం చాలు. నాలుగు రోజులకు ఒక పద్యం. పద్యమూ ఊరగాయ లాంటిదే, ఊరనివ్వాలి.

* కాగితం, పెన్సిలు వంటింట్లోనే ఉంచుకోండి. 'తర్వాత రాసుకుందాంలే' అనుకున్న పాదం మళ్లీ దొరకదు.

* పోటీకి పంపేముందు నియమాలు బాగా చదవండి. ఎన్ని పద్యాలు, ఏ ఛందస్సు, కాగితం మీద పేరు రాయాలా వద్దా. పేరు రాయొద్దంటే రాయకండి, ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టేస్తారు. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

* అచ్చు వేస్తాం, ఇంత డబ్బు కట్టండి, బిరుదిస్తాం అంటే కాస్త ఆలోచించండి. ఇంట్లో నలుగురినీ అడిగే కట్టండి.

* తప్పు చెప్పేవాళ్లను వెతుక్కోండి. బాగుందనేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు.

చివరగా మీకో సమస్య. ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

కూర మాడె నింట కోరి తినిరి

మాడిన కూరను ఇంట్లోవాళ్లు కోరి మరీ తిన్నారట! ఎందుకు తిన్నారో మూడు పాదాల్లో మీరే చెప్పాలి. మా ఇంట్లో ఇది నిజంగానే జరిగింది, నేను సమస్య పూరించుకుంటూ పొయ్యి మర్చిపోయిన రోజున. మా ఆయన మారుమాట లేకుండా రెండోసారి కూడా వేయించుకున్నాడు. అదీ ఒక పూరణే ఏమో!

ఏమంటారు? పప్పు ఉడికేలోపు ప్రయత్నించి చూడండి.